గడ్డకట్టే రక్తం, ఆ నాలుగు వాక్యాల పాఠం: జీవశాస్త్ర పుస్తకాలు రాసేవారికి బహిరంగ లేఖ

తెలుగులో పాఠశాల జీవశాస్త్ర పుస్తకాలు రాస్తున్న, సరిచూస్తున్న పెద్దలందరికీ,

నమస్కారం. నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పదో తరగతికి జీవశాస్త్రం చెప్పే టీచర్‌ని. ప్రసరణ పాఠంలో రక్తం గడ్డకట్టడం గురించి మనం పిల్లలకు ఇస్తున్న నాలుగు వాక్యాలను తిరగరాయమని అడగడానికి ఈ లేఖ రాస్తున్నాను. విడిగా ఉత్తరం పంపకుండా అందరి ముందూ రాస్తున్నది, ఇదే పాఠం చెబుతున్న మిగతా టీచర్లు కూడా తమ మాట కలుపుతారని.

ఆ వాక్యాలు మీకు తెలిసినవే. గాయమైనప్పుడు రక్తఫలకికలు థ్రాంబోకైనేజ్ అనే ఎంజైమును విడుదల చేస్తాయి. అది ప్రోథ్రాంబిన్‌ను థ్రాంబిన్‌గా మారుస్తుంది. థ్రాంబిన్ వెళ్లి, రక్తంలో కరిగి ఉన్న ఫైబ్రినోజెన్‌ను ఫైబ్రిన్ పోగులుగా మారుస్తుంది. ఆ పోగుల్లో రక్తకణాలు చిక్కుకుని గడ్డ తయారవుతుంది. మధ్యలో బాణం గుర్తులు, పక్కన ఒక బొమ్మ. ఏళ్ల తరబడి పుస్తకాల్లోనూ గైడ్లలోనూ ఇదే వరస. పిల్లలు గడగడా అప్పజెప్పేస్తారు, పరీక్షలో మార్కులూ పడతాయి.

అయితే, అన్నీ విన్నాక వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, ‘సార్, గడ్డకట్టడానికి కావలసినవన్నీ రక్తంలోనే ఉన్నాయి కదా, మరి లోపల ఉన్నప్పుడు ఎందుకు గడ్డకట్టట్లేదు?’ అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు ఆ నాలుగు వాక్యాల్లో ఎక్కడా లేదు. ఆ అమ్మాయి అడిగింది చిన్న ప్రశ్న కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో యూరప్‌లోని పెద్ద పెద్ద శరీరధర్మ శాస్త్రవేత్తలు తలలు బద్దలు కొట్టుకున్నది దాని మీదే. క్లాసులో మిగతా పిల్లలు వెంటనే చెప్పే జవాబు ‘బయట గాలి తగులుతుంది కాబట్టి’ అని. ఆ రోజుల్లో శాస్త్రవేత్తల్లోనూ చాలామంది అలాగే అనుకున్నారు. చల్లబడటం వల్ల అని కొందరు, కదలిక ఆగిపోవడం వల్ల అని కొందరు వాదించారు.

ఆపరేషన్లలో క్రిమిసంహారక పద్ధతిని తెచ్చిన డాక్టరుగా మనకు తెలిసిన జోసెఫ్ లిస్టర్, అంతకుముందు కొన్నేళ్లు ఈ ప్రశ్న వెంట పడ్డాడు. 1863లో లండన్ రాయల్ సొసైటీలో దీని మీదే ప్రసంగించాడు. ఎద్దు మెడలోని పెద్ద సిరను రెండు వైపులా కట్టి బయటికి తీస్తే, అందులోని రక్తం గంటల తరబడి ద్రవంగానే ఉంది. ఆ రక్తాన్నే గాజు పాత్రలో పోస్తే కాసేపటికే గట్టిపడింది. సిరలో ఉన్న రక్తం కదలడం లేదు, వేడిగానూ లేదు, అయినా గడ్డకట్టలేదు. అంటే తేడా రక్తాన్ని తాకుతున్న గోడలో ఉంది. ఆరోగ్యంగా ఉన్న రక్తనాళపు లోపలి పొర రక్తాన్ని గడ్డకట్టించదు, పరాయి ఉపరితలం తగిలితే మాత్రం రక్తం ఊరుకోదు. ఇది మన పిల్లలకు ఒక్క పేరాలో అర్థమయ్యే విషయం. దీనికి ఖరీదైన ల్యాబ్ అక్కర్లేదు, పెద్ద పెద్ద పేర్లూ అక్కర్లేదు.

ఇక ప్లేట్‌లెట్ల, అంటే రక్తఫలకికల సంగతి. మన పుస్తకం చదివితే అవి మొదటి నుంచీ అందరికీ తెలిసినవే అనిపిస్తుంది. ఎర్ర కణాలను, తెల్ల కణాలను గుర్తించిన చాలా కాలం తర్వాత గానీ వీటికి రక్తంలో ఒక స్థానం దొరకలేదు. అవి ఎర్ర కణం కన్నా చాలా చిన్నవి, అడ్డంగా రెండు మూడు మైక్రోమీటర్లు. వాటికి కేంద్రకం లేదు. ఒంట్లోంచి చుక్క బయటికి తీసిన మరుక్షణమే ఒకదానికొకటి అంటుకుని ఆకారం చెడిపోతాయి. అందుకే చూసినవాళ్లకు కూడా ఏం చూశారో తెలియలేదు. జర్మనీలోని బాన్‌లో మాక్స్ షుల్ట్జ్ 1865లో రంగులేని చిన్న గుళికల గుంపుల్ని వర్ణించి, రక్తం మీద పనిచేసేవాళ్లు వీటిని శ్రద్ధగా చూడాలని రాశాడు. తర్వాతి కాలంలో గొప్ప వైద్య గురువుగా పేరు తెచ్చుకున్న విలియం ఆస్లర్, ఇరవై నాలుగేళ్ల వయసులో లండన్‌లో పనిచేస్తూ ఒక ముఖ్యమైన సంగతి పట్టుకున్నాడు. రక్తనాళం లోపల అవి విడివిడిగా ఉంటాయి, బయటికి వస్తేనే గుంపు కడతాయి. కానీ అవి రక్తంలో భాగమా, సూక్ష్మజీవుల లాంటివా అన్నది ఆయనకు తేలలేదు. 1874లో వచ్చిన ఆయన వ్యాసం పేరులోనే వాటిని ‘జీవులు’ అన్నాడు. పారిస్‌లో జార్జ్ హాయెమ్ 1878లో వాటిని శ్రద్ధగా లెక్కపెట్టాడు, కానీ అవి ముందుముందు ఎర్ర కణాలుగా మారే పసి కణాలని నమ్మాడు.

వీళ్లంతా తెలివైనవాళ్లే. వీళ్లు ఎక్కడ పొరబడ్డారో చెప్పకుండా సరైన జవాబు మాత్రం చెబితే, ఆ జవాబు ఎంత కష్టపడితే దొరికిందో పిల్లలకు ఎప్పటికీ తెలియదు.

ఆ ముడి విప్పినవాడు జూలియో బిజ్జోజెరో. ఇటలీలోని వరేజేలో 1846లో పుట్టాడు, ట్యూరిన్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్. నాడీకణాల బొమ్మలతో మన పిల్లలకు పరోక్షంగా తెలిసిన కామిల్లో గోల్జీ ఈయన ల్యాబ్‌లోనే మైక్రోస్కోప్ పని నేర్చుకున్నాడు. గోల్జీకి 1906లో నోబెల్ వచ్చింది. గురువు పేరు మాత్రం మన పుస్తకాల్లో లేదు. ఆయన చేసిన పనిని నేను ఇక్కడ కాస్త వివరంగానే చెబుతాను, ఎందుకంటే పుస్తకంలోకి రావాలని నేను కోరుకుంటున్నది ముఖ్యంగా ఇదే.

బయటికి తీసిన రక్తంలో అవి చెడిపోతున్నాయి కాబట్టి, బయటికి తీయకుండా చూడాలని బిజ్జోజెరో అనుకున్నాడు. కుందేలుకో, గినీపిగ్‌కో మత్తుమందు ఇచ్చి, పేగులను పట్టి ఉంచే పల్చటి పారదర్శకమైన పొరను మైక్రోస్కోప్ కింద పరిచాడు. ఆ పొరలో సన్నటి రక్తనాళాలు ఉంటాయి. వాటిలో రక్తం పారుతూనే ఉంటుంది. ఆ ప్రవాహంలో ఎర్ర కణాలు, తెల్ల కణాలతో పాటు మూడో రకం కనిపించింది. అవి రంగులేని పల్చటి బిళ్లలు, దేనికది విడిగా వెళ్తున్నాయి. అవి చెడిపోయిన కణాల తుక్కు అనే వాదనకు అక్కడితో జవాబు దొరికింది, ఎందుకంటే ఆయన చూస్తున్నది బతికున్న జంతువులో పారుతున్న రక్తాన్ని.

తర్వాత ఆయన ఆ నాళపు గోడకు ఒకచోట చిన్న గాయం చేసి, కన్ను తీయకుండా చూశాడు. అప్పటిదాకా ప్రవాహంలో కొట్టుకుపోతున్న బిళ్లల్లో ఒకటి గాయం దగ్గర ఆగింది. తర్వాత ఇంకొన్ని ఆగాయి. కాసేపటికి అక్కడ ఒక తెల్లటి ముద్ద పెరిగింది. కొన్నిసార్లు ప్రవాహపు వేగానికి ఆ ముద్ద తెగి కొట్టుకుపోయేది, మళ్లీ అదే చోట కొత్తది మొదలయ్యేది. తెల్ల కణాలు వచ్చి చేరింది ఆ తర్వాతే. గాయం దగ్గరికి ముందు చేరేది ఎవరు అన్న ప్రశ్నకు ఇలా కళ్లారా చూసిన జవాబు దొరికింది.

ఆయన అక్కడితో ఆగలేదు. అప్పట్లో రక్తం గడ్డకట్టడం గురించి పెద్ద దిక్కు డోర్పాట్‌లోని అలెగ్జాండర్ ష్మిత్. ఆ ఊరే ఇప్పుడు ఎస్తోనియాలోని టార్టు. గడ్డకట్టించే ఎంజైమ్ తెల్ల కణాలు చితికితే వస్తుందని ష్మిత్ వాదన. దాన్ని పరీక్షించడానికి బిజ్జోజెరో తాజా రక్తాన్ని నార దారాలతో కాసేపు కలిపి, దారాల్ని తీసి మైక్రోస్కోప్ కింద పెట్టాడు. దారాల నిండా ఈ బిళ్లలే, తెల్ల కణాలు చాలా తక్కువ. ఇంకాసేపు ఉంచితే ఫైబ్రిన్ పేరుకున్నదీ ఆ బిళ్లల చుట్టూనే. రంగు పట్టించి చూడటానికి మిథైల్ వయొలెట్ కలిపిన ఉప్పునీళ్లు వాడాడు. ఇవన్నీ 1882లో ఇటాలియన్‌లోనూ జర్మన్‌లోనూ ప్రచురించాడు. రక్తనాళంలో గడ్డ ఏర్పడటంలోనూ, రక్తం గడ్డకట్టడంలోనూ ఈ కొత్త కణానికి ఉన్న పాత్ర గురించి అని వ్యాసం పేరులోనే స్పష్టంగా రాశాడు.

కప్ప గురించి కూడా ఒక మాట చెప్పాలి. బిజ్జోజెరోకు కొన్నేళ్ల ముందే, 1875లో ఫ్రెడరిక్ విల్హెల్మ్ జాన్ అనే శాస్త్రవేత్త కప్ప రక్తనాళాల్లో ఇదే తెల్లటి ముద్దను చూశాడు. అది తెల్ల కణాలతో తయారైందని రాశాడు. కప్పలో మన ప్లేట్‌లెట్ల లాంటి కేంద్రకం లేని బిళ్లలు ఉండవు. ఆ పని చేసే కణాలకు కప్పలో కేంద్రకం ఉంటుంది, చూపుకు తెల్ల కణాల్లాగే ఉంటాయి. అందుకే జాన్ పొరబడ్డాడు. ఏ జంతువులో చూస్తున్నామన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుందని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనపడలేదు. కప్పనూ మనిషినీ పోల్చమని ప్రశ్నలు ఇస్తూనే ఉంటాం కదా, వాటిలో ఇదొకటి చేర్చండి.

ఈ బిళ్లలు ఎక్కడ పుడతాయో బిజ్జోజెరోకు తెలియలేదు. ఎముక మజ్జలోని పెద్ద కణాల్ని ఆయన స్వయంగా చూశాడు కానీ, రెండింటికీ సంబంధం ఉందని తట్టలేదు. ఆ సంబంధాన్ని 1906లో బోస్టన్‌లో జేమ్స్ హోమర్ రైట్ పట్టుకున్నాడు. తన పేరుతోనే నిలిచిపోయిన రంగుతో మజ్జ ముక్కలకు రంగు పట్టిస్తే, ఆ పెద్ద కణాల లోపల ఉన్న ఊదారంగు చుక్కలూ, ప్లేట్‌లెట్లలోని చుక్కలూ ఒకే తీరుగా కనిపించాయి. పెద్ద కణం అంచులు తెగి విడిపోతేనే ప్లేట్‌లెట్లు అవుతాయన్నాడు. మన ఊళ్ల ల్యాబుల్లో రక్తపు స్లైడ్ల మీద వేసే లీష్‌మన్ స్టెయిన్ కూడా ఆ కుటుంబానిదే. ఊళ్లోని ల్యాబ్ టెక్నీషియన్‌ని స్కూలుకు పిలిచి ఒక స్లైడ్ చూపించమంటే ఆ ఊదారంగు చుక్కల్ని పిల్లలు కళ్లతో చూస్తారు.

ఇప్పుడు మళ్లీ ఆ నాలుగు వాక్యాల దగ్గరికి వస్తాను. ఆ వరస 1905లో పాల్ మొరావిట్జ్ అనే జర్మన్ వైద్యుడు ఒకచోట చేర్చింది. ష్మిత్ చెప్పిన థ్రాంబిన్, స్వీడన్‌లో హామర్‌స్టెన్ శుద్ధి చేసిన ఫైబ్రినోజెన్, కాల్షియం లేకపోతే రక్తం గడ్డకట్టదని ఫ్రాన్స్‌లో ఆర్తూస్, పాజెస్ 1890లో తేల్చిన విషయం, అన్నీ కలిపి ఒక చక్కటి క్రమం తయారుచేశాడు. ఆ రోజుల్లో అది చాలా పెద్ద పని. కానీ థ్రాంబోకైనేజ్ ఒక్క ప్లేట్‌లెట్ల నుంచే వస్తుందని మొరావిట్జ్ కూడా అనలేదు, దెబ్బతిన్న కణజాలం నుంచీ వస్తుందన్నాడు. మన పుస్తకాల్లోకి వచ్చేసరికి ఆ కణజాలం ఎక్కడో జారిపోయింది.

ఇప్పుడు మనకు తెలిసిన విషయం ఇంకా స్పష్టం. గడ్డకట్టడాన్ని ప్రధానంగా మొదలుపెట్టేది టిష్యూ ఫ్యాక్టర్ అనే ప్రొటీన్. అది రక్తనాళం బయటి పొరల్లోని కణాల మీద ఉంటుంది, మామూలుగా రక్తానికి తగలదు. నాళం తెగితేనే తగులుతుంది. ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబులో సగం ఇదే. మిగతా సగం లిస్టర్ చెప్పింది, అంటే ఆరోగ్యంగా ఉన్న లోపలి పొర రక్తాన్ని ద్రవంగా ఉండనిస్తుందన్నది. ప్లేట్‌లెట్లు చేసేవి రెండు పనులు. గాయం దగ్గర అతుక్కుని మొదటి అడ్డుకట్ట వేస్తాయి. ఆపైన థ్రాంబిన్ వేగంగా తయారవడానికి తమ ఒంటినే వేదికగా ఇస్తాయి. ‘థ్రాంబోకైనేజ్‌ను విడుదల చేస్తాయి’ అనే వాక్యం ఈ రెండు పనుల్లో ఒక్కటి కూడా చెప్పదు. పిల్లలు ఎంబీబీఎస్‌కో, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు ఎంఎల్‌టీకో వెళ్లినప్పుడు పదో తరగతిలో నేర్చుకున్నది మరిచిపోయి మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల్సి వస్తోంది. నా పాత విద్యార్థులే వచ్చి ఈ మాట చెప్పినప్పుడు మనసు కష్టపెట్టుకున్నాను.

ఈ కథలో మన నేలకు సంబంధించిన ఘట్టం కూడా ఒకటి ఉంది. అది పుస్తకంలో లేకపోవడం నిజంగా బాధాకరం. 1780లలో విశాఖపట్నంలో ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాటిష్ వైద్యుడు ఉండేవాడు. 1785లో ఈస్ట్ ఇండియా కంపెనీ ఆయన్ను ప్రకృతి శాస్త్రవేత్తగా నియమించింది. కోరమాండల్ తీరంలో దొరికే పాముల మీద 1796లో ఆయన ప్రచురించిన గ్రంథంలో, ఇక్కడి మనుషులు చెప్పిన పేరుతోనే ‘కాటుక రేకుల పొడ’ అనే పాము ఉంది. అదే మనం రక్తపింజర అనే పాము. తర్వాత ప్రపంచమంతా దానికి రస్సెల్ పేరే పెట్టుకుంది. 1934లో లండన్‌లో మక్‌ఫార్లేన్, బార్నెట్ అనే ఇద్దరు, ఈ పాము విషాన్ని బాగా పలచన చేసి పైపైన రాస్తే, పుట్టుకతోనే రక్తం సరిగా గడ్డకట్టని హీమోఫీలియా రోగుల్లో కూడా రక్తం గడ్డకడుతుందని చూపించారు. పన్ను పీకిన చోట ఆగని రక్తాన్ని ఆపడానికి దాన్ని వాడారు. ఆ విషం గడ్డకట్టే వరసలో మధ్యలో ఉన్న ఫ్యాక్టర్ టెన్ అనే ప్రొటీన్‌ను నేరుగా మేల్కొలుపుతుందని తర్వాత తేలింది. ఒక మెట్టు దగ్గర నేరుగా తట్టి చూసే సాధనం దొరకడం పరిశోధకులకు ఎంతో కలిసొచ్చింది. 1964లో గడ్డకట్టే ప్రక్రియను ఒకదాని తర్వాత ఒకటి మేల్కొనే ఎంజైముల వరసగా వివరించినవాళ్లలో ఆ మక్‌ఫార్లేనే ఒకడు. ఈ రోజుకీ పెద్ద ల్యాబుల్లో రక్తపింజర విషంతో చేసే ఒక పరీక్ష ఉంది.

అదే విషం పొలంలో కాటు ద్వారా ఒంట్లోకి వెళితే కథ తిరగబడుతుంది. గడ్డకట్టే పదార్థాలన్నీ ఒంటి నిండా ఒక్కసారే ఖర్చయిపోయి, ఫైబ్రినోజెన్ అడుగంటి, ఇక రక్తం అసలు గడ్డకట్టదు. చిగుళ్ల నుంచి, మూత్రంలో రక్తం పడుతుంది. ఆసుపత్రిలో డాక్టర్లు అప్పుడు చేసే పరీక్ష ఎంత తేలికో చూడండి. కొత్త, పొడి గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం పోసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచుతారు. తర్వాత ఒక్కసారి వంచి చూస్తారు. రక్తం జారిపోతే విషం పనిచేస్తోందని, విషానికి విరుగుడైన యాంటీవెనమ్ కావాలని అర్థం. గొట్టం గాజుదే అయి ఉండాలి, ప్లాస్టిక్ పనికిరాదు. కారణం 1863లో లిస్టర్ చెప్పిందే, గాజు తగిలితే రక్తం ఊరుకోదు. వరి కోతల్లో తల్లిదండ్రులు పాముకాటు భయంతో పనిచేసే ఊళ్లలో నేను పాఠాలు చెబుతున్నాను. ఈ పిల్లలకు ఈ గాజు గొట్టం గురించి పాఠంలో చెప్పకపోతే ఇంకెక్కడ చెబుతాం?

డెంగ్యూ సంగతీ ఇంతే. వానాకాలం వస్తే ప్రతి ఇంట్లో ప్లేట్‌లెట్ల కౌంట్ గురించే టెన్షన్. రోజుకు రెండుసార్లు రిపోర్టు తెప్పించుకుని, అంకె తగ్గితే ఏడ్చే కుటుంబాల్ని చూస్తూనే ఉన్నాం. ఈ విషయంలో 1910లో బోస్టన్‌లో విలియం డ్యూక్ చేసిన పని పిల్లలకు చెబితే చాలు. చెవి తమ్మెకు చిన్న గాటు పెట్టి, అర నిమిషానికోసారి అద్దుడు కాగితంతో అద్దుతూ, రక్తం ఎంతసేపటికి ఆగుతుందో చూశాడు. ప్లేట్‌లెట్లు బాగా తగ్గి రక్తం ఆగని రోగులకు రక్తం ఎక్కిస్తే కౌంట్ పెరిగింది, స్రావం ఆగింది. ఎక్కించిన ప్లేట్‌లెట్లు కొద్ది రోజుల్లో తరిగిపోతే స్రావం మళ్లీ మొదలైంది. ఆయన కౌంట్ చూశాడు, దాంతో పాటే రోగికి రక్తం కారుతోందా లేదా అన్నదీ చూశాడు. డెంగ్యూలో ప్రాణాపాయం ఎక్కువగా వచ్చేది రక్తనాళాల్లోంచి ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం, బయటికి కారిపోవడం వల్ల. స్రావం లేకుండా కౌంట్ ఒక్కటే తగ్గితే ప్లేట్‌లెట్లు ఎక్కించడం సాధారణంగా అవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఏం చేయాలన్నది డాక్టరే నిర్ణయించాలి, సరే. కానీ మైక్రోలీటరుకు లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా మామూలేనని, ఒక్కో ప్లేట్‌లెట్ ఆయుష్షు వారం పది రోజులేనని తెలిసిన పిల్ల ఇంట్లో ఉంటే, ఆ ఇంట్లో డాక్టర్ని అడిగే ప్రశ్నలైనా మారతాయి.

అందుకని నేను కోరేది ఇది. పుస్తకం తర్వాతి కూర్పులో ఆ నాలుగు వాక్యాలు తీసేసి, వాటి చోట ఇలాంటివి పెట్టండి: ‘రక్తనాళం తెగినప్పుడు, బయటి కణాల మీద ఉన్న టిష్యూ ఫ్యాక్టర్ రక్తానికి తగులుతుంది. ప్లేట్‌లెట్లు తెగిన చోట అతుక్కుని తాత్కాలికంగా అడ్డుకట్ట వేస్తాయి. వాటి ఉపరితలం మీద ప్రోథ్రాంబిన్ వేగంగా థ్రాంబిన్‌గా మారుతుంది. థ్రాంబిన్ ఫైబ్రినోజెన్‌ను ఫైబ్రిన్ పోగులుగా మార్చి ఆ అడ్డుకట్టను గట్టిపరుస్తుంది.’ ఇవీ నాలుగు వాక్యాలే, పేజీ పెరగదు. వాటి పక్కన బిజ్జోజెరో ప్రయోగానికి ఒక బొమ్మ, లిస్టర్ సిరకూ గాజు పాత్రకూ కలిపి ఒక బొమ్మ ఇవ్వండి. రక్తపింజర గురించి ఒక పెట్టె కట్టి, అందులో ఇరవై నిమిషాల పరీక్ష చెప్పండి. ‘రక్తం లోపల ఎందుకు గడ్డకట్టదు?’ అన్నదాన్ని పాఠం చివర ప్రశ్నల్లో కాకుండా పాఠం మొదట్లోనే పెట్టండి. సిలబస్ మారేదాకా ఆగక్కర్లేదు, టీచర్ల శిక్షణలో ఒక పూట కేటాయించినా మేం క్లాసులో చెప్పేస్తాం.

ముసాయిదా తయారైతే చదివి, పిల్లల ముందు చెప్పి చూసి, ఎక్కడ తడబడ్డారో రాసి పంపడానికి నాతోపాటు మా మండలంలో ఈ సబ్జెక్టు చెప్పే టీచర్లు సిద్ధంగా ఉన్నారు. మీ జవాబు కోసం ఎదురుచూస్తుంటాం.

ఇట్లు,
ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయుడు